మూడున్నర లేని మెట్లు

పెనుకొండ ప్రాంతపు పల్లెలలో పౌరాణిక నాటకము మొదలగుటకు ముందు తెర వెనుక ఒక చిన్న సంభాషణ జరుగుచుండును. హార్మోనిస్టు పెట్టె ముందు కూర్చుండి, తిత్తిని రెండు మూడు మారులు కదలించి, కిరీటము సవరించుకొనుచున్న శ్రీకృష్ణుని వైపు చూచి, "ఎంతకు పెట్టేదన్నా?" అని అడుగును. "నాలుగున్నరకే పెట్టప్పా, ఈ దినము గొంతు బాగుండాది" అని శ్రీకృష్ణుడు బదులు చెప్పును. ప్రక్కనున్న అర్జునుడు తనకు ఐదు కావలెననును. తుదకు హార్మోనిస్టే తీర్పు చెప్పును. పెట్టె మ్రోగును, ప్రార్థన మొదలగును.

నాలుగున్నర అనగా ఏమి? దేనిలో నాలుగు, దేనిలో సగము? ఈ ప్రశ్న వేసికొనువారు అరుదు. హార్మోనియము మెట్లను చూచినచో సమాధానము అక్కడనే కనబడును. నల్లమెట్లు రెండు ఒక గుంపుగాను, మూడు ఒక గుంపుగాను అమర్చబడి ఉండును. రెండింటి గుంపునకు ఎడమ ప్రక్కనున్న తెల్లమెట్టు ఒకటవ శ్రుతి. దాని తరువాతి నల్లమెట్టు ఒకటిన్నర. తరువాతి తెల్లమెట్టు రెండు, ఆపై నల్లమెట్టు రెండున్నర, ఆపై తెల్లమెట్టు మూడు. దాని ప్రక్కన నల్లమెట్టు లేదు. వెంటనే తెల్లమెట్టే వచ్చును. అది నాలుగు. అందుచేత నాలుగున్నర కలదు, ఐదున్నర కలదు, ఆరున్నర కలదు. మూడున్నర మాత్రము లేదు. ఏడు తరువాత మరల ఒకటియే గనుక ఏడున్నరయు లేదు. ఎంతటి గొంతు గల నటుడైనను "మూడున్నరకు పెట్టు" అని అడిగిన ఉదంతము నాటకరంగమున వినరాదు.

ఈ లెక్క మన శాస్త్రములది కాదు. హిందూపురమునకు సుమారు పదునైదు కిలోమీటర్ల దూరమున నున్న లేపాక్షి వీరభద్రాలయములో, పదునారవ శతాబ్దమున అచ్యుతదేవరాయల కాలమునాటి నాట్యమంటపములో, రంభ నాట్యమాడుచుండగా తుంబురుడు వీణ మీటుచున్నాడు, బ్రహ్మ మద్దెల వాయించుచున్నాడు. ఆ రాతి కచ్చేరిలో తీగ కలదు, తోలు కలదు, తాళము కలదు. మెట్ల వాద్యము లేదు. మెట్ల వరుస ఐరోపా ఖండపు చర్చిలలోని ఆర్గనులపై రూపొంది, పియానో ద్వారా లోకమంతట వ్యాపించినది. తన జీవితములో పియానోను తాకి ఎరుగని నటుడు తన గొంతును కొలుచుకొనుచున్నది పియానో కొలతతోనే. పియానో రాని ఊరికి దాని లెక్క ఎట్లు వచ్చినది? ఈ ప్రశ్నకు సమాధానము వెదకినచో వాద్యమునకును వర్తకమునకును గల చుట్టరికము కొంత బోధపడును.

రైలు దిగని వాద్యము

హిందూపురము, పెనుకొండ, ధర్మవరము ఒకే రైలుమార్గముపై నున్న ఊళ్లు. పందొమ్మిదవ శతాబ్దపు చివరి దశకమున గుంతకల్లునకును బెంగుళూరునకును నడుమ వేయబడిన దారి ఇది. చిరకాలము అనంతపురము జిల్లాలో నుండిన ఈ మూడు ఊళ్లు 2022 ఏప్రిల్ నుండి శ్రీ సత్యసాయి జిల్లాలో చేరినవి. ఒక ఊరు బెల్లమునకు, చింతపండునకు, మిరపకాయలకు పేరొందిన వర్తకస్థానము. ఒకటి 1565 నాటి యుద్ధము తరువాత విజయనగర రాజులకు రాజధానియైన దుర్గము. ఒకటి పట్టుచీరల ఊరు. దక్షిణపు కొనయందలి బెంగుళూరులో దండు ప్రాంతపు చర్చిలలోను క్లబ్బులలోను పియానోలు మ్రోగుచుండెను. మద్రాసులో 1842లో స్థాపితమైన మిస్క్విత్ సంస్థ పియానోలను, ఆర్గనులను అమ్ముచు, బాగుచేయుచు ప్రసిద్ధి చెందెను. మౌంటురోడ్డులోని మ్యూజీ మ్యూజికల్ దాని వారసత్వమే. దారి ఉన్నది, అంగడి ఉన్నది. అయినను పియానో ఈ ఊళ్ల సంగీతములో చోటు సంపాదింపలేదు. ఇక్కడివారిలో పెక్కుమంది దానిని మొదట చూచినది చలనచిత్రములలోని జమీందారుల మేడలలోనే.

కారణము ధర మాత్రమే కాదు. ఇటలీ దేశస్థుడైన బర్తలోమియో క్రిస్తోఫోరి 1700 ప్రాంతమున ఫ్లారెన్సు నగరమున నిర్మించిన ఈ వాద్యము కాలక్రమమున మహాయంత్రముగా పెరిగినది. నేటి పియానోలో 88 మెట్లు, సుమారు 230 తీగలు ఉండును. ఆ తీగలన్నియు కలిసి లాగు బలము పదునెనిమిది, ఇరువది టన్నుల వరకు ఉండును. అందుకే దాని లోపల పోత ఇనుపచట్రము అవసరమైనది. గోడకు ఆనించి నిలుపు చిన్నరకపు పియానోయే సామాన్యముగా 200 కిలోలకు పైబడి తూగును. ఇంత బలము ఒక పలుచని కొయ్యపలకపై ఆనియుండును. గాలిలో తడి హెచ్చినచో ఆ పలక ఉబ్బును. ఎండ హెచ్చినచో కుదించుకొని పోవును. రెండు విధములను శ్రుతి చెడును. దేశములో మిక్కిలి తక్కువ వర్షపాతము గల సీమలలో ఇది ఒకటి. చైత్ర వైశాఖముల గాలి ఇచ్చటి తలుపుల కీళ్లనే వదులు చేయును. పియానోను కొన్న మాత్రమున చాలదు; ఏటికి రెండు మారులైనను దానిని శ్రుతి చేయువాడు కావలెను. రెండు వందలకు మించిన తీగలను ఒక్కొక్కటిగా బిగించి సరిచూచు ఆ నిపుణుడు మద్రాసులోనో బెంగుళూరులోనో ఉండును. వాద్యము రైలులో రాగలదు. దానిని బ్రతికించు చేయి దానితోపాటు వచ్చి ఊరిలో కాపురముండవలెను గదా! అది జరుగలేదు.

వర్తకుల సంతలు

పాశ్చాత్యదేశములలో ఈ వాద్యములు గొప్ప వర్తకవస్తువులైనవి. అమెరికాలో 1901లో పియానో వర్తకులు జాతీయసంఘముగా ఏర్పడిరి. తరువాత అది సంగీతవస్తు వర్తకులందరి సంఘమై, 'నామ్' అను పేరుతో నేటికిని కాలిఫోర్నియాలో పెద్ద ప్రదర్శన జరుపుచున్నది. ఇట్టి ప్రదర్శనలో వాయించువాడు వినువారి కొరకు వాయింపడు. కొనువారి కొరకు వాయించును. తయారీదారు క్రొత్త నమూనాను నిలుపును. అంగడివాడు ఒప్పందము వ్రాసికొనును. వందల వాద్యములు ఒకేచోట ఒకేమారు మ్రోగుటచే ఏదియు సరిగా వినబడదు. 1909 ప్రాంతమున అమెరికాలో ఒక్క సంవత్సరమున తయారైన పియానోల సంఖ్య 3 లక్షల 60 వేలకు పైబడినది. మధ్యతరగతి ఇంటికి అది అలంకారమై, ఆడపిల్లల చదువులో భాగమై ఉండెను. తరువాత గ్రామఫోను వచ్చెను, రేడియో వచ్చెను, 1929 నాటి ఆర్థికమాంద్యము వచ్చెను. పాట వినుటకు ఇంటిలో పాట నేర్చినవారు ఉండనక్కరలేకపోయెను. ఆ అమ్మకము మరల ఆ ఎత్తునకు చేరలేదు.

అకార్డియను కథయు ఇట్టిదే. వియన్నా నగరమున సిరిల్ డెమియన్ అను వాద్యనిర్మాత 1829లో దానికి ఆ పేరుతో హక్కుపత్రము పొందెను. భుజములకు తగిలించుకొని, నడుమ నున్న తిత్తిని రెండు చేతులతో చాచుచు ముడుచుచు, కుడిచేత మెట్లను, ఎడమచేత బొత్తాములను నొక్కు వాద్యమది. ఇటలీలోని కాస్తెల్ఫిదార్దో అను చిన్న ఊరిలో పావొలో సొప్రాని 1863లో దాని తయారీ ప్రారంభింపగా, క్రమముగా ఆ ఊరు అకార్డియనులకు లోకప్రసిద్ధి గాంచెను. ఇరువదవ శతాబ్దపు రెండవ సగమున యువకుల చూపు గిటారు వైపు మరలినప్పుడు ఆ కర్మాగారములలో అనేకము తగ్గిపోయెను. జర్మనీలోని ఫ్రాంక్‌ఫర్టు నగరమున 1980 నుండి జరిగిన ప్రసిద్ధ సంగీతవాద్య ప్రదర్శన కరోనా వ్యాధికాలమున ఆగి, మరల పూర్వరూపమున తెరవబడలేదు. కొనువాడు లేనిచో సంత లేదు; అది వర్తకధర్మము. కాని సంతలో వస్తువుగా మాత్రమే బ్రతికిన వాద్యమునకును, మనుషుల కూటములలో పనిముట్టుగా బ్రతికిన వాద్యమునకును భేదమున్నది. ఆ భేదమును తెలిసికొనుటకు అకార్డియనుకు దగ్గరి చుట్టమైన మరియొక వాద్యమును చూడవలెను.

ఇత్తడి నాలుక

అకార్డియనులోను హార్మోనియములోను మ్రోగునది ఒకటియే: ఒక కొస బిగింపబడి, మరియొక కొస వదులుగా నున్న సన్నని లోహపు నాలుక. గాలి తగిలినప్పుడు అది తన క్రింది సందులో నుండి ఇటునటు ఊగును. పొడవైన నాలుక మెల్లగా ఊగి మంద్రస్వరమిచ్చును. పొట్టిది వేగముగా ఊగి తారస్వరమిచ్చును. చైనాదేశపు షెంగ్ అను వెదురుగొట్టముల వాద్యములో ఈ నాలుక ప్రాచీనకాలము నుండి ఉన్నది. ఐరోపాలో పందొమ్మిదవ శతాబ్దమున దీనినుండి అకార్డియను, నోటి హార్మోనికా, హార్మోనియము పుట్టెను. 1840 దశకపు ఆరంభమున పారిస్ నగరమున అలెగ్జాండర్ దెబాఁ హార్మోనియమునకు హక్కుపత్రము పొందెను. అది కాలితో తొక్కుచు, కుర్చీపై కూర్చుండి వాయించు పెట్టె.

కలకత్తాలో 1875లో ద్వారకానాథ ఘోషు స్థాపించిన ద్వార్కిన్ సంస్థ ఈ పెట్టెను మన కూర్చుండు పద్ధతికి అనుగుణముగా మార్చెను. తిత్తి వెనుకకు వచ్చెను. ఎడమచేయి దానిని ఊపుచుండగా కుడిచేయి మెట్లపై ఆడసాగెను. చాపపై కూర్చున్నవాని ముందు హార్మోనియము కూర్చున్నది. ఒకడు చంకలో పెట్టుకొని పోగల బరువు. ఎద్దులబండిలో, రైలుపెట్టెలో, బస్సుపైన ఎక్కడనైనను ఇముడును. తీగ లేదు గనుక తెగుట లేదు. నాలుకలకు మొదట విదేశములపై ఆధారపడవలసి వచ్చినను, తరువాత గుజరాతులోని పాలితానా వాటి తయారీకి పేరొందెను. ఈ విధముగా పియానో మెట్ల వరుస, అకార్డియను నాలుక, మన చాప కలిసి ఒక క్రొత్త వాద్యమైనవి.

మన కూటములు

ఈ పెట్టెను ఈ సీమకు తెచ్చిన కూటములు వర్తకుల ప్రదర్శనలు కావు, నాటకములు. 1880 ప్రాంతమున ధార్వాడ నాటకసమాజములు తెలుగు ఊళ్లలో ప్రదర్శనలిచ్చి, పాటతో కూడిన నాటకమునకు రుచి కల్పించెను. ధర్మవరమును ఇంటిపేరుగా ధరించిన రామకృష్ణమాచార్యులు బళ్లారిలో న్యాయవాదిగా నుండి, 1886లో సరసవినోదినీ సభను స్థాపించిరి. 1853లో జన్మించి 1912లో కీర్తిశేషులైన ఆ మహనీయుని 'ఆంధ్ర నాటక పితామహుడు' అని తెలుగువారు గౌరవించుచున్నారు. తెలుగునాటకములో పద్యమును రాగయుక్తముగా పాడు సంప్రదాయము నిలద్రొక్కుకొనుటకు వారి 'చిత్రనళీయము' మొదలగు నాటకములు మిక్కిలి తోడ్పడెను. అంతకు ఒక సంవత్సరము ముందు, 1885లో, కడపజిల్లా సురభి గ్రామమున వనారస గోవిందరావుగారి కుటుంబము 'కీచకవధ'తో సురభి నాటకములకు శ్రీకారము చుట్టెను. సరిహద్దునకు ఆవల, తుమకూరు ప్రాంతపు గుబ్బి ఊరిలో 1884లో పుట్టిన సమాజము కన్నడ రంగస్థలమును ఏలెను. హిందూపురము ఈ రెండు నాటకరంగముల నడుమ నున్న ఊరు.

పద్యము పాడు నటునకు వేలమంది ముందు, ధ్వనివర్ధకము లేని రోజులలో, శ్రుతి విడువకుండ నిలుపు తోడు కావలెను. తంబురా నాదము చివరి వరుసవానికి అందదు. ఫిడేలు సున్నితమైనది. హార్మోనియము నాదమో జాతరలో సైతము వినబడును. నటుడు దీర్ఘరాగము తీసి ఊపిరి పీల్చుకొను క్షణమున పెట్టె ఆ రాగమును పట్టుకొని నిలుపును. నాటకసమాజములు కాలితో తొక్కు పెట్టెలనుకూడ వాడెను. రెండు చేతులును మెట్లపై నుండుటచే నాదము మరింత నిండుగా నుండును. తిరుపతి వేంకటకవుల పాండవనాటకములు, బలిజేపల్లి లక్ష్మీకాంతకవి హరిశ్చంద్ర నాటకము పల్లెపల్లెకు ప్రాకినకొలది పెట్టెయు వాటి వెంట ప్రాకెను.

పల్లెలో హార్మోనిస్టు వాద్యకారుడు మాత్రమే కాడు. పంటలు ఇండ్లకు చేరిన తరువాత ఊరివారు నాటకమాడ దలచినచో, మొదట పిలుచునది ఆయననే. 'మాస్టరు' అని ఆయనకు గౌరవము. నెలల తరబడి రాత్రివేళల గుడి ముంగిటనో బడి వసారాలోనో కూర్చుండి, నాగలి పట్టిన చేతులవారికి, మగ్గముపై కూర్చుండువారికి పద్యము పాదముపాదముగా నేర్పును. చదువురానివాడు వినికిడిచేతనే నూరు పద్యములు కంఠస్థము చేయును. ఎవని గొంతు ఎంతవరకు పోవునో, ఎవనికి ఏ వేషము తగునో, ఎవనిని ఏ శ్రుతిలో నిలుపవలెనో ఆయనయే నిర్ణయించును. ఊరి బడి పంతులు అక్షరము నేర్పును. రాత్రిబడిలో ఈ పంతులు స్వరము నేర్పును. ఇద్దరిని ఊరు ఒకే మాటతో పిలుచుట కాకతాళీయము కాదు.

ధర్మవరమునకు సమీపమున నున్న నిమ్మలకుంట తోలుబొమ్మలకు దేశవిదేశములలో పేరొందిన గ్రామము. అచ్చటి కళాకారుడు దళవాయి చలపతిరావుగారికి 2020లో పద్మశ్రీ పురస్కారము లభించినది. మేకతోలును పారదర్శకముగా పదనుచేసి, రంగులు పూసి, తెరపై రామాయణ భారతములను ఆడించు ఆ కళలో మృదంగము, తాళములు, గజ్జెలతోపాటు హార్మోనియముకూడ కూర్చున్నది. బొమ్మను ఆడించు చేయియే పాట పాడు గొంతునకును యజమాని. దానికి శ్రుతి కొరకు మరియొకరి తోడు కావలెను. శతాబ్దముల ప్రాచీనత గల తోలుబొమ్మ, నూటయేబది యేండ్ల వయస్సు లేని చేతి హార్మోనియమును తన ప్రక్కన కూర్చుండ బెట్టుకొన్నది. భజనమందిరములలోను, హరికథలలోను ఇదియే జరిగెను.

శ్రుతిభేదము

ఈ విజయము నిర్వివాదము కాదు. హార్మోనియముపై సంగీతజ్ఞులు చేసిన ఆక్షేపణ బలమైనది. దానిని విద్యార్థులు గణితముతో పరీక్షింపవచ్చును. మెట్ల వాద్యములో ఒక స్థాయి పండ్రెండు సమభాగములుగా విభజింపబడినది. ఒక మెట్టునుండి తరువాతి మెట్టునకు కంపనసంఖ్య సుమారు 1.0595 రెట్లు హెచ్చును. ఆ సంఖ్యను పండ్రెండుమారులు హెచ్చించినచో రెండు వచ్చును. అనగా పై స్థాయి షడ్జమము. అంతర్జాతీయముగా 1939లో అంగీకరింపబడిన ప్రమాణము ప్రకారము, మన లెక్కలో ఆరవ శ్రుతియైన మెట్టు సెకనుకు 440 కంపనములు చేయవలెను. లెక్క మిక్కిలి చక్కనిది. కాని తంబురాలో సహజముగా పలుకు అంతరగాంధారము షడ్జమమునకు 5/4 రెట్లు, అనగా 1.25. మెట్టు చూపునది 1.26. భేదము అర్ధస్వరములో ఏడవ వంతు. సామాన్యుని చెవి దీనిని గుర్తింపకపోవచ్చును. శిక్షణ గల చెవికి అది కంటిలోని నలుసు.

అంతకంటె పెద్ద లోపము గమకము. వీణపై తీగను లాగినచో స్వరము ఊగును, జారును. మెట్టు నొక్కినచో స్వరము నిలుచును, ఊగదు, జారదు. మన సంగీతమునకు ప్రాణము స్వరముల నడుమ నుండు దారిలో ఉన్నది. పెట్టెలో మజిలీలు మాత్రమే ఉన్నవి. ఇట్టి కారణములచేతనే 1940 మార్చిలో ఆకాశవాణి హార్మోనియమును బహిష్కరించెను. ఆ నిషేధము 1971లో గాని సడలలేదు. రవీంద్రనాథ టాగూరునకు సైతము ఈ పెట్టె గిట్టదని ప్రసిద్ధి. నాటకరంగమున బళ్లారి రాఘవాచార్యులు, తమ మేనమామయైన రామకృష్ణమాచార్యుల శిక్షణలో పెరిగియు, రాగముకంటె నటనకు, భావమునకు పెద్దపీట వేసిరి. పాట ముదిరి పాత్ర మరుగగు నాటకమును వారు మెచ్చలేదు.

ఆక్షేపణలన్నియు నిజమే. అయినను రేడియోలో చోటు లేని ముప్పది యేండ్లును ఈ పెట్టె పల్లెలలో మ్రోగుచునే ఉండెను. దానికి కారణము దాని గొప్పతనము కాదు, దాని అణకువ. గాయకుడు పద్యమును సాగదీసి గమకము పలికించునప్పుడు నేర్పరియైన హార్మోనిస్టు ఆ గమకమును అనుకరింప బూనడు. షడ్జమపంచమములు పట్టి ఊరకుండును. గొంతు దిగివచ్చిన తరువాత దానిని అందుకొనును. పెట్టెకు లేని దానిని గొంతు ఇచ్చును. గొంతునకు లేని నిలుకడను పెట్టె ఇచ్చును. నిషేధము విధించినవారు విన్నది వాద్యమును. పల్లెలు విన్నది ఈ పొత్తును.

బాగుచేయు చేయి

పియానో ఏల నిలువలేదు, హార్మోనియము ఏల నిలిచినది అను ప్రశ్నకు మరియొక సమాధానము ధర్మవరపు మగ్గముపై దొరకును. పట్టుచీరలపై అంచులు, పూవులు నేయుటకు మగ్గము పైన బిగించు జాకార్డు, ఫ్రాన్సుదేశపు లియోన్ నగరమున 1804 ప్రాంతమున జోసెఫ్ మారీ జాకార్డు రూపొందించిన యంత్రము. రంధ్రములు గల అట్టల వరుస ఏ నూలు లేవవలెనో ఏది లేవరాదో ఆజ్ఞాపించును. పుట్టుక చేత అది పరదేశిది. నేడు దానిని పరదేశి యంత్రమని ధర్మవరములో ఎవరును భావింపరు. ఊరిలో అట్ట కొట్టువాడున్నాడు, దారము తెగినచో ముడివేయువాడున్నాడు, కొయ్య విరిగినచో చెక్కువాడున్నాడు. వస్తువు ఎక్కడ పుట్టినదను దానికంటె, చెడినప్పుడు ఎవరు బాగుచేయుదురను దానిచేతనే అది ఏ ఊరిదో తేలును.

హార్మోనియము ఈ పరీక్షలో నెగ్గినది. తిత్తి చిరిగినచో మేకతోలు ముక్కతో అతుకువేయవచ్చును. మెట్టు బిగుసుకొన్నచో వడ్రంగి చెక్కి సరిచేయును. నాలుకలో దుమ్ము చేరి మూగబోయినచో సన్నని కాగితము దూర్చి తీయవచ్చును. శ్రుతి తప్పినచో ఉపాయము కలదు: నాలుక కొసను ఆకురాయితో ఒకింత గీకినచో శ్రుతి హెచ్చును; మొదట గీకినచో తగ్గును. గీకిన లోహము మరల రాదు. కావున చేయి తేలికగాను, చెవి పదునుగాను ఉండవలెను. మూడు స్థాయిల పెట్టెలో 37 మెట్లు. రెండు వరుసలైనచో 74 నాలుకలు. వాటిని ఒక్కొక్కటిగా మీటి, విని, గీకి, మరల విని సరిచేయువానికి కావలసిన పెట్టుబడి ఒక ఆకురాయియు, కొన్ని యేండ్ల ఓర్పును. పియానో నిపుణుడు మహానగరమును విడిచి రాలేకపోయెను. ఈ విద్య మాత్రము గురువు ప్రక్కన కూర్చున్న శిష్యుని చేతిలోనికి సులభముగా వచ్చెను.

ఇప్పుడు ఆ పరీక్ష మరల వచ్చినది. ఈ మారు ఎదుట నున్నది విద్యుత్తుతో మ్రోగు కీబోర్డు. 1979లో బెంగుళూరులో జి. రాజనారాయణ్ అను ఇంజనీరు ఎలక్ట్రానిక్ తంబురాను నిర్మించెను. మరుసటి యేట జపాను దేశపు క్యాసియో సంస్థ తన మొదటి కీబోర్డును విడుదల చేసెను. నేడు పల్లెనాటకములలో హార్మోనియము ప్రక్కన, ఒక్కొక్కచోట దాని స్థానమున, కీబోర్డు నిలిచినది. అది ఫిడేలుగా పలుకును, వేణువుగా పలుకును. ఒక బొత్తాము నొక్కినచో శ్రుతి మారును. ఎండకు, వానకు శ్రుతి తప్పదు. దీనిని నిందించుట న్యాయము కాదు. హార్మోనియము వచ్చినప్పుడు వీణవారు పలికిన మాటలే నేడు హార్మోనియమువారు పలుకుట తగదు. కాని ఒక్క విషయము గమనింపవలెను. కీబోర్డు మూగబోయినచో ఆకురాయి పనికిరాదు. లోపల నాలుక లేదు, గాలి లేదు. పచ్చని పలకపై అతికిన సన్నని భాగములు మాత్రమున్నవి. అది బాగగుటకు మరల నగరమునకు పోవలెను, లేదా మూలపడవలెను. నూరేండ్ల క్రిందట ఊరిలోనికి దిగివచ్చిన విద్య మరల రైలెక్కి నగరమునకు పోవుచున్నది.

దానితోపాటు పోవునది మరియొకటి కలదు. పెట్టెను శ్రుతి చేయుచు చేయుచు హార్మోనిస్టునకు చెవి ఏర్పడెను. ఆ చెవితోనే ఆయన రైతుబిడ్డకు పద్యము నేర్పెను. తప్పని శ్రుతి గల యంత్రము శ్రుతి నిలుపును గాని, శ్రుతి తప్పినదని గుర్తించు చెవిని తయారుచేయదు. వాద్యము మారుటలో వింత లేదు. నేర్పువాడు లేకుండ వాద్యము మాత్రమే మిగులుటయే చింతింపదగిన విషయము.

ఈ విషయమున బడులు చేయగల పని చిన్నదైనను ఉపయోగకరమైనది. ప్రార్థనకు వాడి, తిత్తి చిరిగి, బీరువాపై దుమ్ము పట్టిన హార్మోనియము అక్కడక్కడ పాఠశాలలలో కనబడుచునే ఉన్నది. దానిని పారవేయుటకు ముందు ఒక దినము మూత విప్పి పిల్లల ముందు పెట్టవచ్చును. పొడవు తగ్గినకొలది నాలుక వేగముగా ఊగుట భౌతికశాస్త్రము. పండ్రెండు మెట్లలో రెండు రెట్లగుట గణితశాస్త్రము. చైనా, పారిస్, కలకత్తా, పాలితానా మీదుగా అది హిందూపురము చేరుట చరిత్ర, భూగోళము. ఊరిలో పెద్దయైన హార్మోనిస్టు ఎవరైన ఉన్నచో, ఆయనను పిలిచి కుర్చీ వేసి కూర్చుండ బెట్టినచో, మిగిలిన పాఠము ఆయన చెప్పును. చిరిగిన తిత్తిని పిల్లల చేతనే అతికించినచో ఆ పాఠము మరవబడదు.

అప్పుడొక పిల్లవాడు మెట్లు లెక్కించుచు మూడునకు, నాలుగునకు నడుమ ఆగి, "ఇక్కడ నల్లమెట్టు లేదేమి సార్?" అని తప్పక అడుగును. ఆ సందులో మెట్టు లేకున్నను స్వరము లేకపోలేదు. గొంతు అక్కడికి పోగలదు, వీణ పోగలదు. పెట్టె పోలేని ఆ చోటును పాడి చూపుటకు ఊరిలో ఒక గొంతు మిగిలియుండవలెను.